ఫొటోకి పుస్తకం, పిల్లలకు తాళం

పిల్లల్ని గోడవారగా వరుసలో నిలబెడతారు. బీరువా తాళం తీసి తలో పుస్తకం చేతికిస్తారు. అట్ట కనిపించాలి, తల ఎత్తాలి, నవ్వాలి. ఎవడైనా తలకిందులుగా పట్టుకుంటే సారు వచ్చి సరిచేస్తారు. నాలుగు ఫొటోలు, ఒక చిన్న వీడియో. అయిపోగానే పుస్తకాలు వెనక్కి తీసుకుని, లెక్క చూసుకుని, మళ్లీ తాళం. పిల్లలు క్లాసులో కూర్చునేలోపే ఫొటోలు మండలం వాట్సాప్ గ్రూపుకు, అక్కడి నుంచి ఫేస్‌బుక్‌కు చేరిపోతాయి. పైన ‘కళకళలాడుతున్న మా బడి గ్రంథాలయం’ అని ఒక లైను, కింద వరసగా చప్పట్ల బొమ్మలు. ఒక కథ మొదటి పేజీ కూడా చదవని పిల్లాడు ఆ ఫొటోలో ‘పఠనాసక్తి’కి గుర్తుగా మిగిలిపోతాడు.

ఇది ఏ ఒక్క బడి బాగోతమో అయితే రాయాల్సిన పనే లేదు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు వస్తే చాలు, చాలాచోట్ల ఇదే తంతు.

బడి గురించి నలుగురికీ తెలిస్తే దాతలు ముందుకొస్తారని, అమెరికాలో ఉన్న పాత విద్యార్థి ఫొటో చూసి పుస్తకాలు పంపుతాడని కొందరు టీచర్లు అంటారు. నిజమే, అలా బాగుపడ్డ బడులూ ఉన్నాయి. మా అభ్యంతరం సోషల్ మీడియా మీద కాదు, ఫొటో పడితే పని అయిపోయినట్టే అనే లెక్క మీద.

ఈ లెక్క బడికి కొత్తేమీ కాదు. మొక్క నాటితే ఫొటో, మధ్యాహ్న భోజనం వడ్డిస్తే ఫొటో. ఆంధ్రప్రదేశ్‌లో మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టే పని కూడా కొన్నాళ్లు టీచర్ల నెత్తిన పడింది. నాటిన మొక్క మర్నాటికి మేక నోట్లో పడ్డా ఫొటోలో పచ్చగానే ఉంటుంది. ఆ జబ్బే ఇప్పుడు లైబ్రరీకి అంటుకుంది. పుస్తకం ఫొటోలో ఉంటే పిల్లలు చదివినట్టేనట!

మంచి కార్యక్రమాలు రాలేదని కాదు. 2020లో ఆంధ్రప్రదేశ్ ‘చదవడం మాకిష్టం’ అంది. 2022 జనవరి 1న కేంద్రం ‘పఢే భారత్’ పేరుతో 100 రోజుల పఠనోద్యమం మొదలుపెట్టింది. కొవిడ్ సెలవుల తర్వాత ఫిబ్రవరిలో తెలంగాణ అందుకుంది. ఉద్దేశాలను తప్పుపట్టలేం. ఆ 100 రోజులూ గడిచాక ఎన్ని పుస్తకాలు ఇంటికి వెళ్లాయి, ఎన్ని నలిగి తిరిగొచ్చాయి అని అడిగిన నాథుడు ఏడీ? ఫొటోలు అందాయి, అది చాలు.

అసలు బీరువాకు తాళం ఎందుకు పడుతోంది? టీచర్లకు పుస్తకాలంటే గిట్టక కాదు. స్టాక్ రిజిస్టర్ అంటే భయం. పుస్తకం పోయినా చిరిగినా రేపు ఆడిట్‌లో జవాబు చెప్పాల్సింది హెచ్‌ఎం. చాలా ప్రభుత్వ బడుల్లో లైబ్రేరియన్ పోస్టే లేదు. ఏ తెలుగు టీచర్‌కో అదనపు బాధ్యత అప్పగించి చేతులు దులుపుకుంటారు. ఆయన పాఠం చెప్పాలా, పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవాలా, ఫొటోలు ఎక్కించాలా? పైవాళ్లు అడిగేది మూడోదే కాబట్టి ముందు అదే జరుగుతుంది. చిరిగిన పుస్తకం ఖరీదు టీచర్ జేబులోంచి వసూలు చేయబోమని ఒక్క స్పష్టమైన ఉత్తర్వు ఇస్తే సగం తాళాలు ఊడతాయి. దానికి ఖర్చు కూడా లేదు.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడిలోనూ గ్రంథాలయం ఉండాలంది. దినపత్రిక, మ్యాగజైన్లు, కథల పుస్తకాలు ఉండాలని షెడ్యూల్‌లో విడమరిచి రాసింది. ఫేస్‌బుక్ పేజీ ఉండాలని మాత్రం ఎక్కడా రాయలేదు. బడులకు నిధులిచ్చే కేంద్ర పథకం సమగ్ర శిక్ష కింద ప్రాథమిక పాఠశాలకు లైబ్రరీ గ్రాంటు ఏడాదికి 5,000 రూపాయల వరకే. ఆ కాస్త డబ్బుతో కొన్నవి కూడా అద్దాల వెనకే ఉండిపోతే ఇక ఫొటో దేనికి?

ఇందులో ఇంకో కపటం ఉంది. పిల్లలు ఫోన్లకు అతుక్కుపోతున్నారని ప్రతి పేరెంట్స్ మీటింగ్‌లోనూ క్లాసు పీకేది బడే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఖాతా తెరవాలంటే 13 ఏళ్లు నిండాలి. మూడో తరగతి పాప తన పేరుతో ఖాతా తెరవకూడదు కానీ, ఆ పాప ముఖం, క్లాసు, ఊరు, బడి పేరు లోకమంతా చూసేలా పెట్టొచ్చా? 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందర్నీ పిల్లలుగానే లెక్కగట్టింది, వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది. ఏ అమ్మనైనా అడిగి పెడుతున్నారా ఈ ఫొటోలు? పుస్తకాలకు ప్రచారం కావాలంటే పిల్లల ముఖాలెందుకు? అట్టలు చూపించండి. ఈ వారం బీరువాలోకి కొత్తగా ఏ కథల పుస్తకం వచ్చిందో క్లాసు వాట్సాప్ గ్రూపులో రెండు ముక్కలు రాయండి. ఇంటికి తెచ్చుకోమని తల్లిదండ్రులకు చెప్పండి. కాకపోతే అలా చెప్పాలంటే ముందు ఇంటికి ఇవ్వాలి కదా!

గ్రంథాలయ ప్రచారం ఎలా చేయాలో తెలుగువాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం పడవలో గ్రంథాలయం నడిపించారు. గంటల తరబడి సాగే ప్రయాణంలో జనం పుస్తకాలు తీసి చదువుకున్నారు. అప్పుడు పుస్తకమే జనం దగ్గరికి వెళ్లింది. ఇప్పుడు హెచ్‌ఎం గది దాటి పక్క క్లాసుకు వెళ్లలేకపోతోంది, దాని ఫొటో మాత్రం జిల్లా కేంద్రం దాకా వెళుతోంది.

ఈసారి బడికి తనిఖీకి వెళ్లే అధికారులు ఫోన్ జేబులో పెట్టుకుని ముందు పిల్లలకు ఇచ్చిన పుస్తకాలు రాసే ఇష్యూ రిజిస్టర్ అడగాలి. చివరి పుస్తకం పిల్లలకు ఏ తేదీన ఇచ్చారో, అసలు ఏ సంవత్సరంలో ఇచ్చారో చూడాలి. అంతగా ఫొటోల మీద మోజుంటే ఆ పేజీనే ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. దానికి ఎన్ని చప్పట్లు పడతాయో చూద్దాం.