మాడ్రిడ్ గడియారం గారూ, మీకు ఆకలి వెయ్యదా?

స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో ప్వెర్తా దెల్ సోల్ కూడలిలో కొలువున్న మహారాజశ్రీ గడియారం గారికి, మీ ఊరి విశ్వవిద్యాలయంలో సాయంత్రం బ్యాచ్ విద్యార్థి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని రాయడం మా పద్ధతి. మీరు 1866 నుంచి ఆ కూడలిలో నిక్షేపంగా ఉన్నారు కాబట్టి అందులో సగం నిజమే. మిగతా సగం, అంటే నా కడుపు సంగతి, విన్నవించుకోవడానికే ఈ ఉత్తరం.

రాత్రి ఏడున్నరకి మీ నగరంలో భోజనం దొరకదండీ. జేబులో డబ్బులుంటాయి, హోటల్ తెరిచే ఉంటుంది, లోపల లైట్లు వెలుగుతూనే ఉంటాయి. కూర్చుని భోజనం అడిగితే వెయిటర్ చూపులో కోపం ఉండదు, జాలి ఉంటుంది. వంటగది ఇంకా తెరవలేదట. ఈలోగా కావాలంటే ఒక బీరు, నాలుగు ఆలివ్ కాయలు. మా హాస్టల్ మెస్‌లోనూ అంతే, తొమ్మిదికి ముందు గరిటె కదలదు. క్లాసు అయ్యాక గ్రూప్ ప్రాజెక్టు వాళ్ళు "తినేసి కలుద్దాం" అంటారు. అంటే పదకొండున్నర. మా ఊళ్ళో ఆ టైమ్‌కి మేలుకుని ఉండేవి వీధికుక్కలూ, ఎంసెట్ పిల్లలూ.

అమ్మ రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తుంది. చలికాలంలో మీకు అప్పుడు సాయంత్రం నాలుగున్నర.

"తిన్నావా నాన్నా?"

"ఇప్పుడే అమ్మా."

"అన్నమేనా?"

"మధ్యాహ్నం భోజనం."

అవతల కాసేపు మాట ఉండదు. నేను రాత్రి పళ్ళెం ముందు కూర్చునేసరికి కాకినాడలో తెల్లవారుజామున రెండున్నర. వీడు చదువు మానేసి ఏ హోటల్లోనో నైట్ డ్యూటీ చేస్తున్నాడని అమ్మ అనుమానం. నాన్నగారిది అనుమానం కాదు, నిర్ధారణ.

అందరూ మీ ఊరి జనాన్ని అంటారు: మధ్యాహ్నం కునుకు తీస్తారు, రాత్రంతా తిరుగుతారు, ఇక ఎప్పుడు తింటారని. నేను ఒప్పుకోను. నేరం మీదే. సాక్షి సూర్యుడు, రోజూ మీ నెత్తిమీదనుంచే వెళ్తుంటాడు.

ప్రపంచమంతా టైమ్ లెక్క మొదలుపెట్టే గ్రీనిచ్ రేఖకి మాడ్రిడ్ పడమట ఉంది. ఆ రేఖ మీ దేశంలోనుంచే పోతుంది, అరగాన్ ప్రాంతంలో హైవే మీద దానికో కమాను కూడా కట్టారు. 1901 నుంచి మీరు ఆ రేఖ టైమే చూపించారు, లండన్‌తో సమానంగా. 1940 మార్చి 16 రాత్రి పదకొండు కావలసిన చోట పన్నెండు చేసేశారు మీ నియంత ఫ్రాంకో ప్రభుత్వం వారు. మిగతా యూరప్ దేశాలతో కలిసి నడిస్తే సౌకర్యమని ఉత్తర్వులో రాశారు. బెర్లిన్ టైమ్ కూడా అదేనని చెప్పుకోలేదు. హిట్లర్ పోయాడు, 1975లో ఫ్రాంకో పోయాడు, ఆ గంట మాత్రం తిరిగి రాలేదు. వెనక్కి ఇచ్చేస్తే బాగుంటుందని 2013లో పార్లమెంటు కమిటీ ఒకటి సలహా ఇచ్చింది. సలహాని భద్రంగా దాచే కళ మా ప్రభుత్వాలకే వచ్చనుకునేవాళ్ళు ఒకసారి మీ దగ్గరికి రావాలి. మీ దేశానివే అయిన కానరీ దీవుల్లో మాత్రం ఒక గంట తక్కువ. రేడియోలో టైమ్ చెప్పినప్పుడల్లా ఆ ముక్క కూడా చెప్తారు, విన్నప్పుడల్లా అక్కడికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవాలనిపిస్తుంది.

వేసవిలో దీనికి ఇంకో గంట కలుపుతారు. అప్పుడు సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి మీ ముళ్ళు రెండుంబావు దగ్గర ఉంటాయి. అంటే రెండున్నరకి భోజనానికి లేచే మా ప్రొఫెసరు గారు ఎండ లెక్కన మా తాతగారి టైమ్‌కే తింటున్నారు! అబద్ధం మీది, చెడ్డపేరు వాళ్ళది. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకి కూడా ఎండ కాస్తుంటే ఎవరికి ఆకలేస్తుంది, నాకు తప్ప?

జనవరిలో సూర్యోదయం ఎనిమిదిన్నర దాటాక. ఉదయం బ్యాచ్ వాళ్ళు చీకట్లో మెట్రో ఎక్కి చీకట్లోనే క్లాసులో కూర్చుంటారు, పాపం. పోనీ అన్ని పనులూ ఆలస్యమా అంటే అదీ కాదు. మధ్యాహ్నం రెండు దాటితే బ్యాంకు మూత. కొన్ని శాఖల్లో నగదు కౌంటరు పదకొండుకే బంద్. రెసిడెన్స్ కార్డు ఫీజు కట్టాలంటే కోడికన్నా ముందు లేవాలి, అన్నం తినాలంటే గుడ్లగూబతో పాటు మేలుకోవాలి.

మా దేశపు టైమ్ రేఖ కాకినాడ పక్కనుంచి పోతుంది. అందుకే మా ఊళ్ళో గడియారానికీ ఎండకీ ఎప్పుడూ పెద్ద గొడవ లేదు. ఇది గొప్ప చెప్పుకోవడం కాదులెండి. అదే రేఖకి అస్సాంని కూడా కట్టేశాం. అక్కడి టీ తోటలవాళ్ళు విసిగిపోయి, గంట ముందుండే తమ సొంత టైమ్‌ని బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచీ నడుపుకుంటున్నారు. మీ విద్యార్థులకీ అలాంటి సదుపాయం ఒకటి ఇప్పించండి, కనీసం మెస్ వరకు.

డిసెంబర్ 31 రాత్రి మీ ముందు ఇసకేస్తే రాలనంత జనం. మీరు పన్నెండు కొడుతుంటే ఒక్కో గంటకి ఒక్కో ద్రాక్షపండు నోట్లో వేసుకుంటారు. సూర్యుడి లెక్కలో అప్పటికి ఇంకా పదకొండు కూడా కాదు. కొత్త సంవత్సరాన్నే అంత ముందుగా లాక్కొచ్చేవారు, రాత్రి భోజనాన్ని ఒక్క గంట ముందుకి జరపలేరా?

ఇట్లు,
తమ విధేయుడు.

తా.క.: ఇప్పుడు ఏడుంబావు. అమ్మ పంపిన కాజాలు నిన్ననే అయిపోయాయి.