మేడమీది పెద్ద గొడుగు గారికి బహిరంగ లేఖ

విశాఖపట్నం

మహారాజరాజశ్రీ మేడమీది పెద్ద గొడుగు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. మేం క్షేమం. తమరు క్షేమమో కాదో పక్కింటి నీళ్ల ట్యాంకు చుట్టూ వెతికితే గానీ చెప్పలేం.

మూడు మీటర్ల వెడల్పు, ఎనిమిది ఊచలు, చుట్టూ కుచ్చుల అంచు. కొట్లో తమర్ని చూసినవాళ్లకి రాజుగారి శ్వేతచ్ఛత్రం గుర్తుకు రావాల్సిందే. అట్టపెట్టె మీద ‘గాలికి తట్టుకుంటుంది’ అని ఉంటుంది. ఏ గాలికి, గంటకు ఎన్ని కిలోమీటర్లకు అన్న అంకె మాత్రం ఉండదు. టేబుల్ ఫ్యానుదీ గాలే కదా మరి.

అందుకని లెక్క మేమే వేశాం. గాలి వేగాన్ని సెకనుకు ఇన్ని మీటర్లని తీసుకుని, దాని వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. గంటకు 36 కి.మీ. గాలంటే సెకనుకు 10 మీటర్లు, ఒత్తిడి 60. తమరి వైశాల్యం ఏడు చదరపు మీటర్లు. కాస్త వాలి, గాలిని కడుపులోకి రానిచ్చారో, తమర్ని లేపే బలం 43 కిలోల దాకా ఉంటుంది. గాలి రెట్టింపైతే బలం నాలుగింతలు: 72 కి.మీ. దగ్గర 170 కిలోలు దాటుతుంది.

ఇంత బలాన్ని ఆపడానికి తమరి కాళ్లకింద ఉన్నది 25 కిలోల గుండ్రటి దిమ్మ, అదీ అర మీటరు వెడల్పుది. ఒరిగేటప్పుడు దిమ్మ అంచే ఇరుసు. అది కర్రకు 25 సెం.మీ. దూరంలో ఉంది. గాలి తోసే గుడ్డేమో 2.3 మీటర్ల ఎత్తున. గడ్డపలుగుతో బండ లేపేవాళ్లకి ఈ సంగతి విప్పి చెప్పక్కర్లేదు. నిటారుగా, బుద్ధిగా నిలబడినా సరే, 25-30 కి.మీ. విసురొస్తే తమరు బోర్లా పడటం ఖాయం. మా ఊళ్లో ఆ గాలిని తుపాను అనరు, సాయంత్రం అంటారు.

దీనికి కొట్టువాళ్లిచ్చే సలహా ‘ఇంకా బరువైన దిమ్మ కొనండి’ అని. బరువొక్కటే కాదు, వెడల్పూ కావాలి. ఇనుప చట్రాన్ని మీటరు చదరంగా వెల్డింగ్ చేయించి, దానిలో అర మీటరు చదరం, 5 సెం.మీ. మందం ఉన్న సిమెంటు పలకలు నాలుగు పరిస్తే, పలక 30 కిలోల చొప్పున 120 కిలోలవుతుంది. బరువు ఐదింతలే పెరిగింది, అంచు కూడా రెట్టింపు దూరం జరిగింది కాబట్టి నిలదొక్కుకునే శక్తి పదింతలు. ఇంత సుళువైనదానికి ఉన్న లోపం ఒక్కటే, అది చూడ్డానికి బాగోదు. స్లాబుకు రంధ్రాలు వేసి బోల్టులు బిగించే ఆలోచన మాత్రం మానుకోండి. వాటర్‌ప్రూఫింగ్ పొర పోయి కింది ఇంటి సీలింగు కారుతుంది, తమరి పేరు అపార్టుమెంటు మీటింగులో వినిపిస్తుంది. నేలమీది తోటలోనైతే 60 సెం.మీ. గుంత, నిండా కాంక్రీటు: అర టన్ను. ఇక తమరికి కదిలే హక్కు లేదు.

ఇప్పుడు తమరి నడుము. 38 మి.మీ. గొట్టం, గోడ మందం 1.2. దాని బదులు 48 మి.మీ., మందం 2 ఉన్నది పెడితే వంపును రెండున్నర రెట్లు ఓర్చుకుంటుంది. ఇంతా చేసి, ఆ కర్రను దానికంటే బాగా వదులైన గొట్టంలో దింపి ఒకే మర బిగిస్తే ఏం లాభం? గాలి విసిరినప్పుడల్లా లోపల టకటకా కొట్టుకుంటుంది, మర దగ్గర చొట్ట పడుతుంది, ఆ చొట్ట దగ్గరే ఓ రోజు ఒరుగుతుంది. పాత పీవీసీ పైపు చీల్చి కర్రకు చుట్టి దింపండి. గొట్టం 40 సెం.మీ. పొడవుండాలి, రెండు బోల్టులు ఎదురెదురు దిక్కుల నుంచి కాకుండా, ఒకటి తూర్పు నుంచైతే రెండోది ఉత్తరం నుంచి ఉండేలా బిగించాలి.

అసలు జబ్బు మాత్రం ఊచల్లో ఉంది. ఒకసారి తమరి కింద నిలబడి పైకి చూస్తే తెలుస్తుంది. నడుమ నుంచి వచ్చే ఆసరా కడ్డీ ఊచను ఎక్కడ పట్టుకుంటుందో అక్కడే ఊచ ఎక్కువ వంగుతుంది. తయారీదారుకి సరిగ్గా అక్కడే రివిట్ కోసం బెజ్జం పెట్టాలనిపిస్తుంది. 20 మి.మీ. పట్టీలో 6 మి.మీ. చిల్లు! చిల్లు అంచున గోటితో గీసినట్టు సన్నటి గీత మొదలవుతుంది, ఉప్పుగాలి దాంట్లో చేరుతుంది, మరో నెలకి ఊచ విరిగి గుడ్డలోంచి పొడుచుకొస్తుంది. చిల్లు వద్దు, ఊచ చుట్టూ బిగించే పట్టీ చాలు. ఫైబర్‌గ్లాస్ ఊచలు వంగి మళ్లీ లేస్తాయి కాబట్టి మెచ్చుకోవచ్చు, కానీ వాటన్నిటినీ పట్టుకునే నడినెత్తి బిళ్ల చవక ప్లాస్టిక్కైతే రెండెండాకాలాల్లో పెళుసవుతుంది. మరలు ఉప్పుగాలికి తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి; అల్యూమినియంకు తగిలే చోట నైలాన్ వాషరు లేకపోతే తెల్లటి పొడి రాలుతుంది.

నెత్తిమీద పొగగూడులా ఓ చిన్న టోపీ ఉంటుంది కదా, దాన్నీ పరీక్షించాలి. కింద నుంచి చెయ్యి పెడితే బయటికి రావాలి. చాలామంది గొడుగుల్లో చుట్టూ కుట్టేసి ఉంటుంది: అది గాలిదారి కాదు, తలపాగా. ఊచల దగ్గర మాత్రమే అతుక్కుని మధ్య మధ్య తెరుచుకోవాలి. అయితే 45 సెం.మీ. వెడల్పున్న గుండ్రటి సందు తమరి మొత్తం వైశాల్యంలో రెండు శాతమే. కుదుపు తగ్గిస్తుంది, వణుకు తగ్గిస్తుంది; బరువైన దిమ్మ పని అది చెయ్యలేదు.

ఒకటి మాత్రం ముందే తేల్చుకోవాలి. ఏదో ఒకటి పోక తప్పనప్పుడు ఏది ముందు పోవాలి? మా ఓటు గుడ్డకే. ఊచ కొన దగ్గరి జేబు ఊడి గుడ్డ రెపరెపలాడితే దర్జీ కుడతాడు. గుడ్డ మరీ మొండిదై కర్ర విరిగితే విరిగిన ముక్క సరాసరి వీధిలోకే పోతుంది.

పిట్టగోడ అంచున తిష్ఠ వెయ్యడం తమరికి ఇష్టం, సముద్రం బాగా కనిపిస్తుందని. గాలి గోడకు కొట్టుకుని పైకి ఎగబాకి పిట్టగోడ దాటేటప్పుడు సరిగ్గా తమరి కిందకే దూరుతుంది. రెండు మూడు మీటర్లు లోపలికి జరగండి.

ఇవన్నీ చేసినా తుపానుకు తమరు చాలరు. విశాఖలో భవనాలు కట్టేటప్పుడు లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. ఆ వేగంలో తమరి మీద టన్నుకు పైగా పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరిమీదుగా వెళ్లినప్పుడు పెద్ద చెట్లే నిలవలేదు. బ్యూఫోర్ట్ గాలి కొలమానంలో ఆరో మెట్టుకి, అంటే 39-49 కి.మీ.కి, నేలమీది గుర్తుగా రాసిందేమిటంటే గొడుగు వాడటం కష్టమని! కాబట్టి ఆ మెట్టు రాకముందే ముడుచుకోండి. నలభై చుట్లు తిప్పే పిడి కాదు, ఒక్క లాగుకి దిగే కప్పీ తాడు పెట్టించుకోండి. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమంటాడని సామెత. మేడలమీద అర్ధరాత్రి తమరు విప్పారే ఉంటున్నారు, వేసవి ఈదురుగాలి ఆ వేళకూ దిగొచ్చు.

పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారని పేపర్లో చూస్తే తమరు ముడుచుకుంటే చాలదు. కర్ర ఊడదీసుకుని మెట్లగదిలో పడుకోండి.

ఇట్లు,
తమరి నీడన కాఫీ తాగేవాళ్లం

తా.క.: ముడిచాక కట్టే పట్టీ ఒక్కటే ఇచ్చారు, అదీ నడిమికి. పైన మూడో వంతు దగ్గర ఇంకోటి కుట్టించండి, లేదంటే ముడుచుకుని కూడా తమరు రాత్రంతా రెపరెపలాడుతూనే ఉంటారు.