డబ్బా మీది 250 గారికి

మహారాజశ్రీ 250 గారి సముఖానికి,

తిరుపతి నుంచి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరు మా కొత్త వెల్డింగ్ మిషను ముఖం మీద, 250 ఆంపియర్లంటూ ఎర్ర అచ్చంకెల్లో చెక్కుచెదరకుండా వెలుగుతున్నారు, సంతోషం. మా ఇంట్లో మాత్రం మధ్యాహ్నం నుంచి వెలుగు లేదు. మెయిన్ పడిపోయి ఉంటే లేపుకునేవాళ్ళం. పోయింది స్తంభం మీది ఫ్యూజు. లైన్‌మన్ "వస్తాండా సార్" అన్నాడు, అంటే చీకటి పడ్డాక. పై వాటావాళ్ళు బాల్కనీలోకి వచ్చి, న్యూస్‌పేపరుతో విసురుకుంటూ, "పని అయిపోయిందా అన్నా?" అని ఎంతో మర్యాదగా అడిగారు. తిట్టి ఉన్నా బాగుండేది.

మా మేడకు మెష్ ఎందుకో అలిపిరి వైపు ఇల్లున్న ఎవరికీ చెప్పక్కర్లేదు. కోతులు నిన్న నీళ్ళ ట్యాంకు మూత ఎత్తుకుపోయాయి. మెష్ బిగించడానికి చట్రం కావాలి. పల్చటి 16 గేజు స్క్వేర్ ట్యూబు, దాన్ని అతకడానికి సన్నటి 12 నంబరు వెల్డింగ్ రాడ్డు. దానికి 60 ఆంపియర్లు చాలు, మహా అయితే 70. అంతకు మించి తిప్పితే అతుకు పడాల్సిన చోట బొక్క పడుతుంది.

మరి తమరెందుకు దయచేసినట్టు? అంగడాయన దయ. "ఇంట్లో వాడుకోడానికే కదా, 160 చాలదా?" అంటే, "పెద్దది తీసుకో సార్, ఎక్కువుంటే తగ్గించుకోవచ్చు, లేనిది ఎక్కడ తెస్తావు?" అన్నాడు. ఆ మాటకు ఎదురేముంది? అరలో తమరి వంశమంతా వరసగా కొలువై ఉంది: 200 గారు, తమరు, 300 గారు, చివర్న మీసం మెలేస్తూ 400 గారు. అందరిదీ ఒకే రేకు, ఒకే ఫ్యాను, భుజానికి తగిలించుకునే ఒకే పట్టీ. తేడా అంతా అంకెలోనూ ధరలోనూ.

భుజాన మోసేంత ఆ తేలిక మీద నాకు కోపం లేదు, అది నిజమైన విద్య. ఇంటికొచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దాన్ని ముందు ఒకే వైపు పారే డీసీ చేసి, సెకనుకు వేల సార్లు కొట్టిస్తే, మోపెడు ట్రాన్స్‌ఫార్మర్ చేసే పనిని పిడికెడు ట్రాన్స్‌ఫార్మర్ చేస్తుంది. నలుగురు పట్టి దించే రోజులు పోయి, సంచిలా చంకన పెట్టుకుని మేడెక్కే రోజులొచ్చాయి. ఈ విద్యలో తమరి వాటా ఏమీ లేదు. తమరు కేవలం అచ్చు.

ఇవాళ జరిగింది మనవి చేసుకుంటాను. మెష్ చట్రాన్ని మెట్ల పక్కన మందపాటి యాంగిల్‌కు పట్టించాలి. అంతకంటే లావైన 10 నంబరు రాడ్డు పెట్టి, నాబ్ 125 దగ్గర నిలిపాను. సరిగ్గా తమరిలో సగం. 12 నంబరు రాడ్డు పెడుతున్నంతసేపూ బుద్ధిగా ఉన్న ఇల్లు, ఈ సగం అడిగేసరికి చేతులెత్తేసింది.

కాస్త లెక్క చూద్దాం, కోప్పడకండి. రాడ్డు వెల్డింగులో ఎన్ని ఆంపియర్లకు ఎన్ని వోల్టులని లెక్కగట్టాలో అంతర్జాతీయ ప్రమాణంలో ఒక సూత్రం ఉంది. ఆంపియర్లను 0.04తో హెచ్చవేసి, 20 కలపాలి. తమరికి 30 వోల్టులు వస్తుంది. 250 ఇంటూ 30 అంటే 7500 వాట్లు. గీజరు కోసం పెట్టించిన మా 16 ఆంపియర్ల సాకెట్టును 230 వోల్టుల దగ్గర నిండా పిండినా 3680 వాట్లే. తమరు కోరేది మా సాకెట్టు ఆస్తికి రెండింతలు. అదీ రాడ్డు కొసకు చేరేది మాత్రమే. డబ్బాలో వేడిగా పోయేది, పవర్ ఫ్యాక్టర్ పేరుతో తీగ మీద అదనంగా పడేది వేరే. అవన్నీ కలిపితే నేనడిగిన 125కే సాకెట్టు నుంచి 20 ఆంపియర్లు దాటి లాగుతుంది. పైగా మే నెల, వీధిలో ఏసీలన్నీ ఒక్కసారి లేస్తే 230 అన్నది కూడా మాట వరసకే.

అయినా డిస్‌ప్లేలో తమరి దర్శనానికి లోటు లేదు. నాబ్ చివరికి తిప్పితే చాలు, రాడ్డు ఇనుమును తాకకముందే 250 అని ప్రత్యక్షమవుతారు. పారుతున్న కరెంటు ఎంతో దానికి తెలీదు. నాబ్ ఎక్కడుందో అది చూపిస్తుంది, అంతే.

మీతో వచ్చిన పరివారం సంగతీ చెప్పాలి. రాడ్డు పట్టుకునే హోల్డరు మీద 300 అని పోతపోసి ఉంది. పది రాడ్లకే దాని పిడి చెయ్యి కాల్చింది. కేబులు పైకి లావుగానే ఉంది, కొస గీకితే రాగి రంగు కింద తెల్లగా అల్యూమినియం నవ్వింది. ఉచితంగా ఇచ్చిన చేతి షీల్డులోని నల్ల అద్దాన్ని వెనకా ముందూ తిప్పి చూశాను. ఎంత నలుపో చెప్పే 11 అనో, 10 అనో ఎక్కడా లేదు. అసలు నంబరే లేదు. అక్కర్లేని చోట మూడంకెలు, కళ్ళు కాపాడే చోట సున్నా. రాత్రంతా కళ్ళల్లో ఇసుక పోసినట్టు మండితే ఆ బాధ మీకేం తెలుస్తుంది, మీకు కళ్ళెక్కడివి?

రేణిగుంట రోడ్డులో ఏళ్ళుగా గేట్లు చేసే మామ ఒకాయన ఉన్నాడు. ఆయనది చక్రాల మీద తోసే పాత ఆయిలు వెల్డింగ్ మిషను. ఫోను చేసి గోడు చెప్పుకుంటే, "ముందర జూడొద్దు నాయనా, ఎనక్కి తిప్పు" అన్నాడు.

తిప్పాను. సెల్‌ఫోను లైటు వేసుకుని చూశాను. ఫ్యాను పక్కన వెండి రంగు స్టిక్కరు, చీమ తలకాయంత అక్షరాలు. అక్కడ మీరు లేరు. ఎక్స్ అని ఒక గడి, దాని కింద 60 శాతం, 100 శాతం. 60 శాతం దగ్గర 160 ఆంపియర్లు. 100 శాతం దగ్గర 124. ఇన్‌పుట్ 31 ఆంపియర్లు.

160. అంగడిలో నేనడిగింది అదే కదయ్యా!

ఆ శాతం ఏమిటంటే, 40 డిగ్రీల వేడిలో, పది నిమిషాలకు ఎన్ని నిమిషాలు ఆపకుండా కాల్చొచ్చో ఆ లెక్క. 160 దగ్గర ఆరు నిమిషాలు కాల్చి నాలుగు నిమిషాలు ఆగాలి. మరి 250 దగ్గర ఎంతసేపు? ఆ గడే లేదు. ఒకవేళ నువ్వు నిజంగా వచ్చినా, సర్వదర్శనం కంపార్ట్‌మెంట్‌లో కూర్చోబెట్టినట్టు డబ్బా వేడెక్కిందని పసుపు దీపం వెలిగించి కూర్చోబెడతావు, ఎప్పుడు వదులుతావో నీ ఇష్టం. మా ఊళ్ళో మే నెలలో 40 అంటే ఆ రోజు కాస్త చల్లబడిందని అర్థం. అదీ నీకు తెలీదు.

అవును, ఇక "తమరు" లేదు, "మీరు" లేదు. పంచపాళీ మర్యాద అయిపోయింది.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఆ డబ్బా మంచిది. 70 దగ్గర పెట్టి 6013 రకం రాడ్డు అంటిస్తే చక్కగా అందుకుంటుంది, ఇనుముకు అతుక్కుపోయి చెయ్యి లాగించదు, చల్లారాక సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే అతుకు మీది పొర పెళ్ళగా లేచొస్తుంది. 12 నంబరు రాడ్డు ఒకటి కాలడానికి పట్టేది నిమిషం పైచిలుకు. పొర కొట్టి, బ్రష్ వేసి, ఇంకో రాడ్డు తగిలించేలోపు మిషను ఊపిరి పీల్చుకుంటుంది. ఇంటి పనికి దాని నిజమైన సత్తా చాలు, మిగులుతుంది కూడా. అంత బుద్ధిమంతుడి నెత్తిన ఎక్కి కూర్చుని నువ్వు దొంగ బిరుదు చెప్పుకుంటున్నావు. 160 అని నిజం రాసి ఉంటే వాడి పరువేం పోయేది? అంగడివాడికి నాలుగు డబ్బులు తగ్గేవి, అంతే కదా?

కొనేవాడు ముందు అడగాల్సింది మా ఇంట్లో సాకెట్టు ఎంత, వైరు ఎంత, నేను వాడే రాడ్డు ఏ నంబరు, పదిలో ఎన్ని నిమిషాలు అని. ఇవన్నీ వెనకకు తోసి, కింద దాచి, నువ్వు ముందుకొచ్చి నిలబడ్డావు. సిగ్గుండాలి.

రేపు ఎలక్ట్రీషియన్ వస్తున్నాడు. మీటరు నుంచి మేడ దాకా విడిగా 6 స్క్వేర్ ఎంఎం వైరు, 32 ఆంపియర్ల ఎంసీబీ. అంతా చేసినా 160 దాకానే సార్, ఆ పైన రాదు అని ముందే చెప్పేశాడు. వైరు ఖర్చు, కూలి, పోయిన ఫ్యూజు, కొత్త నల్ల అద్దం, అన్నీ కలిపి బిల్లు నీ పేరనే రాయించి, ఆ ఎర్ర అంకెల మీదే అంటిస్తాను. అప్పటికైనా కనబడకుండా పోతావు.

ఇట్లు,
16 ఆంపియర్ల సాకెట్టువాడు