దోసెలోని ధర్మసూక్ష్మం

శనివారం రాత్రి నేను అన్నం తినను. ఇరవై ఏళ్లుగా ఇదే నియమం. మొన్న మూడో దోసె కోసం కంచం చాపితే మా అమ్మాయి అడిగింది, "నాన్నా, దోసె కూడా బియ్యమే కదా?" నానబెట్టి, రుబ్బి, పులియబెట్టాక అది బియ్యం కాదమ్మా, టిఫిన్ అన్నాను. ఈ జవాబుకి ఎంత ఘనమైన వంశవృక్షం ఉందో పిచ్చిపిల్లకి తెలియదు.

యూరప్‌లో దీన్ని క్యాజుయిస్ట్రీ అన్నారు. కత్తి పట్టుకుని వచ్చినవాడు "నీ స్నేహితుడు ఎక్కడ దాక్కున్నాడు?" అని అడిగితే "అబద్ధమాడరాదు" అన్న సూత్రం నోరెళ్లబెడుతుంది. అప్పుడు ఏ కేసుకా కేసు విడిగా తూచాలి. నిజానికి మంచి విద్యే. 16, 17 శతాబ్దాల్లో క్యాథలిక్ గురువులు, ముఖ్యంగా జెసూట్లు, పాపాలు చెప్పుకోడానికి వచ్చేవాళ్ల కోసం దీన్ని సానబెట్టారు.

ఇంతలో అమెరికా నుంచి స్పెయిన్‌కి చాక్లెట్ దిగింది. అప్పట్లో దాన్ని తాగేవారు. పానీయంతో ఉపవాసం చెడదని పాత మాట. మరి కడుపు నింపే ఈ చిక్కటి ద్రవం పానీయమా, భోజనమా? 1636లో ఆంటోనియో దె లెయోన్ పినెలో అనే స్పెయిన్ పండితుడు ఈ ఒక్క ప్రశ్న మీదే ఏకంగా పుస్తకం రాశాడు. నవ్వకండి. దోసె మీద మనవాళ్లు ఆ మాత్రం శ్రద్ధయినా పెట్టారా?

ఇక ద్వంద్వయుద్ధం నిషేధం. అయితే శత్రువు రమ్మన్న మైదానానికి షికారుకి వెళ్లొచ్చు, వాడు మీద పడితే ఆత్మరక్షణ చేసుకోవచ్చు. చేసిన పనిని చేయలేదని ఒట్టేయొచ్చు, "నేను పుట్టకముందు" అని మనసులో కలుపుకుంటే చాలు. ఈ గురువులు చెప్పిన ఇలాంటివన్నీ ఏరి, 1656-57లో రాసిన ఉత్తరాల్లో ఫ్రెంచ్ తత్వవేత్త పాస్కల్ ఉతికి ఆరేశాడు. 1679లో పోప్ పదకొండో ఇన్నోసెంట్ ఆ మనసులో కలుపుకునే ఒట్లని ఖండించాడు. పాస్కల్ కాస్త మొండివాడనే నా అభిప్రాయం. నిజమైన చిక్కుల్లో పడ్డవాళ్లకి దారి చూపిన గురువులూ వాళ్లలో ఉన్నారు.

మన ధర్మరాజు "కుంజరః" అని గొంతు తగ్గించి అన్నాడు. అన్నాడా లేదా? పైకే అన్నాడు! అయినా నేలకి నాలుగు అంగుళాల ఎత్తున నడిచే రథం కిందకి దిగిపోయింది. అదే మనసులో అనుకుని ఉంటే ఏమయ్యేదో, జెసూట్లనే అడగాలి.

"ఎన్నయ్యాయండీ?" వంటింట్లోంచి మా ఆవిడ.

"రెండే," అన్నాను. మొదటిది పెనానికి అంటుకుని చిరిగిపోయింది కదా, అది కాక, అని మనసులో కలుపుకున్నాను.