నిలబడి పాలు తాగినవాడు

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు పెద్దలు. నిలబడే పాలు తాగుతానని ఎవడైనా మొండికేస్తే ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. అర్జెంటీనా మిడ్‌ఫీల్డర్ హువాన్ రోమన్ రికెల్మే కేసు అందుకే ఇంకా తేలలేదు.

అభియోగం ఒక్కటే: ఫుట్‌బాల్ ఉద్యోగంలో చేరి పరుగెత్తకపోవడం. ఇప్పుడు ఆటగాడి వీపుకి జీపీఎస్ తగిలించి ఎన్ని కిలోమీటర్లు తిరిగాడో లెక్కగడుతున్నారు. ఆ లెక్కన మా వీధి కొరియర్ కుర్రాడు ప్రపంచ స్థాయి మిడ్‌ఫీల్డర్.

సాక్ష్యం కావాలా? 2000 మే, బొంబొనేరా స్టేడియం, దక్షిణ అమెరికా క్లబ్బుల పోటీ లిబెర్టడోరెస్ కప్పు క్వార్టర్ ఫైనల్. రికెల్మే జట్టు బోకా జూనియర్స్‌కి ఎదురుగా బద్ధశత్రువు రివర్ ప్లేట్. సైడ్‌లైన్ దగ్గర రికెల్మేకి బంతి దొరికింది, వెనకాలే డిఫెండర్ యెపెస్ అంటుకుని ఉన్నాడు. బుద్ధిమంతుడైతే బంతిని బయటికి తన్ని ఊపిరి పీల్చుకుంటాడు. ఈయన వీపు చూపిస్తూనే బూటు అడుగుతో బంతిని వెనక్కి లాగి, యెపెస్ కాళ్ల సందులోంచి పోనిచ్చి, తాను పక్కనుంచి తిరిగి వెళ్లి అందుకున్నాడు. పాపం యెపెస్ మంచి డిఫెండరే, తర్వాత కొలంబియాకి కెప్టెన్ కూడా అయ్యాడు. జనం మాత్రం ఇప్పటికీ ఆ కాళ్ల సందే చూస్తున్నారు.

బార్సిలోనా కోచ్ వాన్ హాల్ నేరాన్ని ఇట్టే పసిగట్టాడు. 2002లో వచ్చిన మనిషిని మైదానం మధ్యలోంచి అంచుకి, అంటే వింగ్‌లోకి నెట్టాడు, పెళ్లికి పెద్ద వంటవాణ్ణి పిలిపించి విస్తళ్లు వేయమన్నట్టు. అక్కణ్ణుంచి స్పెయిన్‌లోనే విల్లారియల్ అనే చిన్న ఊరికి వెళ్లి, ఆ ఊరి జట్టును 2006లో యూరప్ క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్ సెమీస్ దాకా నడిపించాడు. నడిపించాడు అనే మాట గమనించండి. అక్కడ చివరి నిమిషాల్లో పెనాల్టీ వస్తే, ఈయన తన్నిన బంతిని ఆర్సెనల్ గోల్‌కీపర్ లేమాన్ ఆపేశాడు. పెనాల్టీకి నాలుగడుగులు పరుగెత్తక తప్పదు మరి.

అదే ఏడాది ప్రపంచ కప్పులో జర్మనీ మీద అర్జెంటీనా 1-0తో ముందుంది. కోచ్ పెకర్‌మాన్ ఈయన్ని బయటికి పిలిచి, పరుగెత్తే కాంబియాసోని దింపాడు. కాసేపటికి ఆధిక్యం కూడా పరుగెత్తి వెళ్లిపోయింది.

2007లో బోకాకి తిరిగొచ్చి లిబెర్టడోరెస్ ఫైనల్లో బ్రెజిల్ జట్టు గ్రేమియో మీద మూడు గోల్స్ కొట్టాడు. నేరస్థుడు మారలేదు.

ఇంకో కేసు పాతది. 2001లో జీతం దగ్గర పేచీ పెట్టిన బోకా క్లబ్ అధ్యక్షుడు మాక్రీ ఎదుట, గోల్ కొట్టి, రెండు చేతులూ చెవుల వెనక పెట్టి నిలబడ్డాడు. ఆ మాక్రీ దేశాధ్యక్షుడయ్యాడు, దిగిపోయాడు, 2023లో బోకా ఎన్నికల్లో ఎదుటి ప్యానెల్లో ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డాడు. అధ్యక్షుడిగా గెలిచింది రికెల్మే.

ఇప్పుడాయన బొంబొనేరాలో తన బాక్సులో కూర్చుని, మాతే అనే ఆకు టీ తాగుతూ, కింద కుర్రాళ్లు పరుగెత్తడం చూస్తుంటాడు.