వానొస్తే పారిపోయేవాళ్ళ టైమ్‌లు కొట్టేయండి

మా ఆటోక్రాస్ కార్ల పోటీలో పొద్దున పొడి నేల మీద తన రన్లన్నీ హాయిగా కానిచ్చుకుని, మధ్యాహ్నం మబ్బు పట్టగానే తన పని వంతు ఎగ్గొట్టి కారెక్కి ఇంటికి పోయిన పెద్దమనిషి, రాత్రి మా చాట్ గ్రూపులో ఫలితాల స్క్రీన్‌షాట్ పెట్టాడు. పై వరసల్లో తన పేరు, దాని చుట్టూ ఎర్ర సున్నా. కింద అందరూ చప్పట్లు. చూసినప్పట్నుంచీ ఒళ్ళు మండిపోతోంది.

ఆటోక్రాస్ అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. ఇక్కడ అమెరికాలో పెద్ద పార్కింగ్ లాటో, పాత రన్‌వేనో తీసుకుని కోన్లతో దారి వేస్తారు. గడియారంతోనే పోటీ. రన్ ఒక నిమిషం అటూఇటూ. కోన్ పడితే 2 సెకన్లు కలుపుతారు, గేటు, అంటే దాటాల్సిన రెండు కోన్ల సందు, తప్పితే ఆ రన్ పోయినట్టే. మొదటి స్థానానికీ రెండో స్థానానికీ తేడా ఒక్కోసారి సెకనులో వెయ్యో వంతుల్లో ఉంటుంది. ఇంత తక్కువ ఖర్చులో ఇది నడవడానికి కారణం ఒక్కటే. సగం మంది నడుపుతుంటే మిగతా సగం ఎండలోనో వానలోనో కోర్సు మీద నిలబడి కోన్లు లేపుతారు. తర్వాత వాళ్ళు నడుపుతారు, వీళ్ళు నిలబడతారు. జీతగాళ్ళెవరూ లేరు. నువ్వు నడిపినప్పుడు నీ కోన్లు ఎవడో లేపాడు కదా, ఇప్పుడు వాడివి నువ్వు లేపాలి. ఇందులో అర్థం కానిది ఏముంది?

మధ్యాహ్నం మా పొద్దుటి గ్రూపులో ఎంతమంది మాయమయ్యారో చూస్తే సిగ్గేసింది. "ఇంట్లో పనుంది", "పిల్లకి జలుబు", "గొడుగు తేలేదు". పొద్దున నడిపేటప్పుడు ఈ పనులన్నీ ఎక్కడున్నాయి? ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

నేనున్నది కోర్సు చివరి మలుపు దగ్గరి స్టేషన్‌లో, అంటే కోన్లు లేపేవాళ్ళు నిలబడే చోట. నలుగురు ఉండాల్సిన చోట ఇద్దరం. కోర్సు మీద ఒకేసారి రెండు కార్లు ఉంటాయి, ఒకటి మలుపు దాటేలోపే ఇంకొకటి బయల్దేరుతుంది. ఒకడు రేడియో పట్టుకుని కోన్ల లెక్క చెప్పాలి, ఎర్రజెండా వాడి చేతిలోనే ఉండాలి, మంటలార్పే సిలిండర్ కాళ్ళ దగ్గర. మిగిలిన ఒక్కడు పరుగెత్తి కోన్లు లేపాలి. ఒక మస్టాంగ్ వెనక టైర్లు జారి వరసగా మూడు కోన్లు ఎగరగొట్టింది. వాటికోసం పరుగెత్తుతుంటే పార్కింగ్ గీతల తెల్ల పెయింట్ మీద నా బూటు జారింది. తడిస్తే ఆ పెయింట్ సబ్బులా అవుతుందని ఇది ఆడేవాళ్ళందరికీ తెలుసు. తల తిప్పితే తర్వాతి కారు హెడ్‌లైట్లు. నా పక్కనున్నతను జెండా ఎత్తాడు కాబట్టి సరిపోయింది. అక్కడ మూడో మనిషి ఉండుంటే నేను ఆ పరుగు పెట్టాల్సిన పనే లేదు. ఆ మూడో మనిషి అప్పటికి సోఫాలో కూర్చుని ఫలితాలు రిఫ్రెష్ చేసుకుంటున్నాడు.

ఇంకోటి. ప్రతి కోన్ అడుగు చుట్టూ సుద్దతో గీత గీస్తారు. కోన్ నిలబడి ఉండి ఆ గీతను ఏ కాస్త తాకుతున్నా పెనాల్టీ లేదు, పూర్తిగా బయటికి పోతేనే ఉంటుంది. వాన పడితే సుద్ద కొట్టుకుపోతుంది. అప్పుడు కోన్ ఎక్కడుండాలో చెప్పేది స్టేషన్‌లో ఉన్నవాడి కళ్ళే. అందుకే వానలో మనుషులు ఎక్కువ కావాలి, తక్కువ కాదు! కారు దిగొచ్చి "అది లోపలే ఉంది" అని ఒకడు నాతో పోట్లాడాడు. అతన్ని నేనేమీ అనను. పాపం, వానలో నడిపిన మనిషి. నా కోపమంతా అక్కడ లేనివాళ్ళ మీదే.

పని ఎగ్గొడితే టైమ్ తీసేస్తామని పొద్దున మీటింగ్‌లో మైకులో చెప్తారు. తీశారా? లేదు. ఎవరు ఎగ్గొట్టారో చెక్ చేసే ఓపిక ఎవరికీ లేదు. ఉరుములు వినపడ్డప్పుడు ఆపారు, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు అందర్నీ కార్లలో కూర్చోబెట్టారు. అది సరైన పని, పిడుగుతో ఆటలొద్దు. కానీ వాన పిడుగు కాదు. వాన ఈ ఆటలో భాగం. నెబ్రాస్కాలో లింకన్ దగ్గర ఏటా జరిగే నేషనల్స్, అంటే జాతీయ పోటీల్లోనూ వాన పడితే పడ్డట్టే నడుపుతారు. మీకు ఇచ్చిన 3 రన్లు తడిలో వస్తే తడిలోనే.

అసలు మధ్యాహ్నం చూడాల్సింది ఎంత ఉందో వెళ్ళిపోయినవాళ్ళకి తెలీదు. పాత మియాటాలో, అదే చిన్న మాజ్డా స్పోర్ట్స్ కారులో, ఒకావిడ స్టీరింగ్ ఎక్కడా కుదపకుండా, బ్రేక్ మెల్లగా వదులుతూ, నీళ్ళు నిలిచిన చోటు ముందే చూసి అరగజం పక్కనుంచి తిప్పుకుని వచ్చింది. ఆమె వెనకాల వచ్చిన కార్వెట్ స్టార్ట్ గీత దగ్గరే వెనక చక్రాలు గిర్రున తిప్పి అడ్డం తిరిగింది. 200 ట్రెడ్‌వేర్ టైర్లు, అంటే పొడి నేలని గట్టిగా పట్టుకునే మెత్త రబ్బరువి, వెడల్పెక్కువ, గాళ్ళు తక్కువ, అవీ అరిగినవి. నీళ్ళు పోవడానికి దారేది? పొడి నేల మీద గుర్రపుశక్తి దాచేసే తప్పులన్నీ తడి నేల బయటపెడుతుంది. మధ్యాహ్నం ఆమె నడిపిందే నడపడం. కానీ ఫలితాల్లో ఆమె పేరు ఎక్కడో కింద, పైన పొడి రన్ల పెద్దమనుషులు. క్లాసులో, అంటే ఒకే స్థాయి కార్ల మధ్య, లెక్క వేరు, అందరినీ కలిపి వేసే జాబితా చూసుకుని మురిసిపోయేవాళ్ళని అంటున్నా.

ఇదంతా రాస్తుంటే మన తెలుగువాళ్ళ మాటలు గుర్తొచ్చి ఇంకా మండుతోంది. ఏ పూజకెళ్ళినా ఇదే: "అన్నా, ఈ వయసులో రేసింగులేంటి, ఫ్యామిలీ ఉంది కదా, డేంజర్ కాదా?" డేంజరా! ఇక్కడ హెల్మెట్ ఉంది, ఎదురు కారు లేదు, గుద్దుకునేది ప్లాస్టిక్ కోన్‌ని. ఈ మాట అనేవాళ్ళే పదహారేళ్ళ పిల్లాడి చేతికి కారు తాళాలిచ్చి, కుండపోత వానలో, టోల్‌వే మీదకి పంపిస్తారు. ఆ కారు టైర్ల గాళ్ళ లోతు ఎప్పుడైనా చూశారా? కొత్త టైర్‌కి 10/32 అంగుళం దాకా ఉంటుంది, 2/32కి దిగితే ఇక్కడ చాలా రాష్ట్రాల్లో ఆ టైర్ చట్టప్రకారం పనికిరాదు. ఇండియాలో చెప్పే 1.6 మిల్లీమీటర్లూ అదే లెక్క. ఆ లోతు దగ్గరపడ్డ టైర్ వానలో గంటకి 70 మైళ్ళ దగ్గర నేలని వదిలేసి నీటి మీద తేలిపోవచ్చు. అప్పుడు స్టీరింగ్ తిప్పినా ఒకటే, తిప్పకపోయినా ఒకటే. ఆ క్షణంలో బ్రేక్ తొక్కకూడదు, కాలు మెల్లగా తియ్యాలి అని ఆ పిల్లాడికి ఎవరు చెప్పారు? చెప్పినా కాలికి తెలియాలి కదా. హైదరాబాద్ ఔటర్ మీద వానలో 120 చూపిస్తూ మీటర్ వీడియో పంపే బావగారు కూడా నన్ను జాగ్రత్త అంటారు!

కారు జారడం ఎలా ఉంటుందో ఖాళీ స్థలంలో, 35 మైళ్ళ దగ్గర, ఒక్కసారి ఒంటికి తెలిస్తే చాలు. నా కాలికి తెలిసింది ఇలాంటి వాన రోజే. జారుతున్నప్పుడు చూపు కోన్ మీద కాదు, వెళ్ళాల్సిన చోట పెట్టాలని పక్కసీట్లో కూర్చుని నేర్పినాయన అసలు మా క్లాసులో నాకు పోటీదారు. రెయిన్‌కోటు కూడా లేకుండా సాయంత్రందాకా ఉండి కోన్లు లేపి వెళ్ళేవాడు. అలాంటివాళ్ళ వల్ల నడుస్తున్న ఆట ఇది.

కాబట్టి నిర్వాహకులకి సూటిగా చెప్తున్నా. మధ్యాహ్నం స్టేషన్లలో పేర్లు పిలవండి, లేనివాళ్ళ టైమ్‌లు అక్కడికక్కడే కొట్టేయండి. ఎంత పాతవాడైనా, ఎంత ఫాస్టైనా సరే. పూజల్లో నన్ను అడిగే తల్లిదండ్రులకి కూడా. లైసెన్స్ ఉన్న మీ పిల్లల్ని వచ్చే ఈవెంట్‌కి ఇంట్లో ఉన్న ఆ కామ్రీ కారులోనే పంపండి. మైనర్లయితే అనుమతి కాగితం మీద సంతకం పెట్టడానికి మీరూ రండి. హెల్మెట్ అక్కడ ఇస్తారు, పక్కసీట్లో నేను కూర్చుంటా. వాన పడే సూచన ఉంటే అసలు మానకండి.