సవరణ: స్ట్రింగ్ కాపీ వార్నింగ్ గురించి నేను రాసింది

సీ కంపైలర్ జీసీసీ 8వ వెర్షన్ నుంచి వస్తున్న స్ట్రింగ్ ట్రంకేషన్ వార్నింగ్ (కాపీలో స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస, తెగిపోవచ్చన్న హెచ్చరిక) లైనక్స్ కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ ప్రధాన భాగం) కోడ్‌లో కనిపిస్తే, స్ట్రింగ్‌ని కాపీ చేసే స్ట్ర్‌ఎన్‌కాపీ (strncpy) ఫంక్షన్ తీసేసి స్ట్ర్‌ఎస్‌కాపీ (strscpy) పెట్టేస్తే చాలని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. కర్నెల్ డాక్యుమెంటేషన్‌లో వాడకూడని ఫంక్షన్ల గురించిన భాగం మళ్లీ చదివాక తెలిసింది.

ఈ రెండూ ఒకే పని చెయ్యవు. స్ట్ర్‌ఎన్‌కాపీ, స్ట్రింగ్ చిన్నదైతే మిగిలిన చోటంతా సున్నాలతో నింపుతుంది. స్ట్ర్‌ఎస్‌కాపీ, స్ట్రింగ్ ముగిసిందని చెప్పే ఒక సున్నా బైటు చివర తప్పకుండా పెడుతుంది కానీ, ఆ తర్వాతి బైట్లకు హామీ ఇవ్వదు. 16 బైట్ల ఫీల్డులో 4 అక్షరాల పేరు పెట్టి, ఆ ఫీల్డు ఉన్న స్ట్రక్చర్‌ని అలాగే యూజర్ స్పేస్‌కి (మామూలు ప్రోగ్రాములు నడిచే చోటికి) పంపితే? ముందే శుభ్రం చెయ్యని మెమరీ అయితే, వెనక మిగిలిన పాత కర్నెల్ డేటా కూడా బయటికి పోతుంది. వార్నింగ్ పోయిందని సంతోషిస్తాం, అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. అలాంటి చోట, మిగిలిన బైట్లను కూడా సున్నాలతో నింపే స్ట్ర్‌ఎస్‌కాపీ_ప్యాడ్ (strscpy_pad) వాడాలి.

కొన్ని ఫీల్డులకైతే చివర సున్నా ఉండనే ఉండదు, ఫార్మాటే అంత. అక్కడ స్ట్ర్‌ఎస్‌కాపీ పెడితే చివరి అక్షరం తెగిపోవచ్చు. ఆ ఫీల్డుకి నాన్‌స్ట్రింగ్ ఆట్రిబ్యూట్ (చివర సున్నా ఉండకపోవచ్చని కంపైలర్‌కి చెప్పే గుర్తు) ఇచ్చి, చివర సున్నా తప్పనిసరి చెయ్యకుండా కాపీ చేసే స్ట్ర్‌టుమెమ్_ప్యాడ్ (strtomem_pad) వాడటం సరైన పద్ధతి.

స్ట్ర్‌ఎస్‌కాపీ తిరిగిచ్చే విలువనూ చూడండి. స్ట్రింగ్ తెగితే నెగెటివ్ వస్తుంది. పాత పోస్టు చూసి ఎవరైనా ప్యాచ్ (కోడ్ మార్పు) రాసుంటే, ఫీల్డు ఎక్కడికి వెళ్తోందో ఒకసారి సరిచూసుకోండి.